అమ్మలక్కల సాక్ష్యం

క్రిందటి విద్యా సంవత్సరంలో మన కళాశాలలో జరిగిన వక్తృత్వపు పోటీకి న్యాయనిర్ణేతలలో ఒకడిగా కూర్చునే అవకాశం నాకు లభించింది. యుద్ధంలో నష్టపోయిన వారికి ధనరూపంలో పరిహారం చెల్లించటం సమంజసమా, కాదా అన్నది చర్చనీయాంశం. ప్రాణానికి వెల కట్టటం మానవత్వానికే అవమానమని ఒక విద్యార్థి ఆవేశంగా వాదించాడు. దియత్‌ను ఉదాహరించి, పరిహారమన్నది మన ధర్మశాస్త్రం ఏనాడో అంగీకరించిన విధానమేనని మరొకరు నిదానంగా బదులు చెప్పారు. చప్పట్లు ఇద్దరికీ సమానంగానే లభించాయి. చివరగా వచ్చిన ద్వితీయ సంవత్సరపు విద్యార్థిని ఒకామె ఏ పక్షమూ వహించక ఒక ప్రశ్న మాత్రం వేసింది. "పరిహారం అడగాలంటే ఏమి పోయిందో ముందు ఎవరైనా చెప్పాలి గదా సార్. మగవాళ్లంతా పోయిన ఊరిలో ఆ లెక్క ఎవరు చెబుతారు?" అంతలో గంట మోగింది. బహుమతి మరొకరికి వెళ్లింది. నా మార్కులు కూడా ఆ మరొకరికే పడ్డాయని ఒప్పుకోక తప్పదు.

ఆ సాయంకాలం అధ్యాపకుల గదిలో ఈ ప్రశ్న ప్రస్తావనకు వచ్చినప్పుడు మిత్రులొకరు, "ఇంకెవరు చెబుతారండీ, అమ్మలక్కలు చెబుతారు" అని చమత్కరించారు. అందరమూ నవ్వాము. నవ్వులో నేనూ ఉన్నాను. అయితే ఆ మాట అక్షరాలా నిజమని, ఐరోపాలోని ఒక చిన్న పట్టణపు స్త్రీలు దానిని న్యాయస్థానాలలో ఋజువు చేశారని తరువాత చదివినకొద్దీ నాకు తెలిసివచ్చింది. ఆ ఉదంతం మన విద్యార్థినీ విద్యార్థులకూ, కళాశాల సంఘం పెద్దలకూ విన్నవించాలనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

యుగోస్లావియా విచ్ఛిన్నమైన పిదప స్వతంత్రమైన బోస్నియా దేశంలో, తూర్పు సరిహద్దుకు చేరువగా, కొండల నడుమ స్రెబ్రెనిచ అనే ఊరున్నది. అక్కడి భాషలో వెండిని సూచించే మాటనుండి వచ్చిన పేరది. 1992లో యుద్ధం మొదలైన తరువాత చుట్టుపట్ల గ్రామాల ముస్లిములు వేల సంఖ్యలో ఆ ఊరికి చేరుకొన్నారు. 1993 ఏప్రిల్ 16న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి దానిని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. కాపలా బాధ్యత చివరకు డచ్చి సైనికులపై పడింది. 1995 జూలై 11న రాత్కో మ్లాడిచ్ నాయకత్వంలోని బోస్నియా సెర్బు సైన్యం ఊరిని ఆక్రమించింది. సుమారు 25,000 మంది జనం డచ్చి స్థావరమున్న పొతోచారికి పరుగెత్తారు. అక్కడ పురుషులను వేరు చేశారు. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను బస్సులెక్కించి పంపివేశారు. అడవిదారిన తప్పించుకోబోయిన పురుషులలో కూడా వేలమంది పట్టుబడ్డారు. కొద్ది రోజులలోనే 8,000 మందికి పైగా పురుషులూ, బాలురూ హతులయ్యారు. ఇది జాతి సంహారమని హేగ్‌లోని యుద్ధనేరాల న్యాయస్థానం 2001లోను, అంతర్జాతీయ న్యాయస్థానం 2007లోను నిర్ణయించాయి.

బస్సులు దిగి తుజ్లా నగరానికి చేరిన ఆ స్త్రీల పరిస్థితి ఎట్టిదో ఊహించాలి. ఇల్లు లేదు. పొలం కాగితాలు లేవు. రేషను దొరికే చోటు, దరఖాస్తు ఇచ్చే కచేరీ, సంతకం చేసే పద్ధతి, ఇవన్నీ చాలా ఇళ్లలో మగవారు చూసుకొన్న వ్యవహారాలే. ఆ మగవారు లేరు. మరణించారని చెప్పే కాగితం కూడా లేదు. వారికి మిగిలినదల్లా ఒకరికొకరు.

ఈ చివరి మాట విని అదేమంత ఆస్తి అనుకోకూడదు. బోస్నియా ముస్లిం స్త్రీల జీవితంలో ఇరుగుపొరుగు అన్నది మాటవరుసకు చెప్పే సంగతి కాదు. ఉదయం ఒకరింట, సాయంత్రం మరొకరింట కాఫీకి కూడుకొంటారు. ఇంట ఎవరైనా పోతే స్త్రీలే ఒకచోట చేరి ప్రార్థన జరుపుతారు. దానికి తెవ్‌హీద్ అని పేరు. చదువుకొన్న స్త్రీ ఒకామె ముందుండి నడిపిస్తుంది. ఏడవనాడు, నలభయ్యవనాడు మళ్లీ చేరుతారు. ఉర్దూ విభాగపు విద్యార్థులు ఒక విషయం విని సంతోషిస్తారు: వారి భాషలో పేటను మహల అంటారు, అంత్యక్రియను జెనాజా అంటారు, ఓర్పును సబూర్ అంటారు, తన వద్ద దాచుకొని తిరిగి అప్పగింపవలసిన దానిని అమానెత్ అంటారు. ఐదువేల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఆ ఇళ్లలో ఏమి మాట్లాడుకొని ఉంటారో మన ఇళ్లవారికి ఎవరూ అనువదించి చెప్పనక్కరలేదు.

కాని ఇక్కడ తెవ్‌హీద్ జరపటానికి శవం లేదు, తేదీ లేదు. నలభయ్యవ రోజు ఎన్నటినుండి లెక్కించాలో తెలియదు. ప్రార్థనకు కూడవలసిన స్త్రీలు వీధిలో కూడారు. 1996 ఆరంభంలో తుజ్లాలోని రెడ్‌క్రాస్ కార్యాలయం ముందు గుమికూడి, మావాళ్లేరని అడిగారు. సమాధానం రాకపోగా కిటికీ అద్దాలు పగిలాయి. తరువాత తుజ్లాలో స్రెబ్రెనిచ స్త్రీల సంఘం, సరయేవోలో స్రెబ్రెనిచ, జేపా తల్లుల సంఘం మొదలైనవి ఏర్పడ్డాయి. ప్రతి నెల 11వ తేదీన తుజ్లా వీధులలో మౌనంగా నడవటం ఆచారమయింది. చేతిలో జెండాలు లేవు. దిండు గలేబుల మీద పోయినవారి పేర్లు దారంతో కుట్టి, వాటిని ఒకదానికొకటి కలిపి పట్టుకొని నడిచారు. పెండ్లికి ముందు ఆడపిల్లలు నేర్చుకొనే కుట్టుపని అది.

ఇక మన విద్యార్థిని అడిగిన లెక్క విషయానికి వస్తాను.

హంతకులు తమ పని బయటపడుతుందని గ్రహించి, 1995 శరత్కాలంలో సామూహిక సమాధులను యంత్రాలతో తవ్వి, శవాలను మరోచోట మరోచోట పూడ్చారు. దీనివల్ల ఒకే మనిషి అస్థికలు రెండు మూడు గోతులలో, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ గోతులలో దొరికాయి. మొదటి సంవత్సరాలలో గుర్తింపునకు ఉన్న ఆధారం బట్టలు, వస్తువులు మాత్రమే. వాటిని కడిగి, ఛాయాచిత్రాలు తీసి, పుస్తకాలుగా కూర్చి స్త్రీల ముందు పెట్టారు. పొగాకు డబ్బీ, గడియారం, తాళంచెవి, ఉన్ని స్వెటరు. ఈ మాసిక నేను వేసినదే, ఈ అల్లిక మా అత్తగారిదే అని చెప్పగలవారు వీరొక్కరే. ముట్టడిలో మూడేళ్లు గడిపిన ఊరిలో ఎవరి దుప్పటి విప్పి ఎవరికి చొక్కా కుట్టారో, ఏ ఇంటి ఉన్ని ఏ ఇంటి పిల్లవానికి స్వెటరయిందో ఏ రిజిస్టరులోనూ ఉండదు. పొరుగింటామెకు తెలుస్తుంది. ఎవరిని చివరిసారి ఏ మలుపు వద్ద, ఎవరి ప్రక్కన చూశారో కూడా ఆ కాఫీ గిన్నెల దగ్గరే ఒకరి మాటకు ఒకరి మాట జోడించి తేల్చుకొన్నారు. మన ఇళ్లలో దీనిని పనిలేని కబుర్లంటాము.

బట్టల సాక్ష్యంతోనే అంతా తేలిందని చెబితే అసత్యమవుతుంది. కరువు రోజులలో బట్టలు చేతులు మారాయి. ఒకరి చొక్కా మరొకరి ఒంటిమీద ఉన్నది. అందువల్ల పొరపాట్లకు అవకాశముండేది. 1996లో ఏర్పడిన గల్లంతైన వ్యక్తుల అంతర్జాతీయ కమిషను రక్తపరీక్షల ద్వారా డి.ఎన్.ఎ. పోల్చే పద్ధతిని ప్రవేశపెట్టింది. 2001 నవంబరులో మొదటి గుర్తింపు జరిగింది. పదిహేనేళ్ల బాలుడతడు. అయితే ఆ శాస్త్రానికి కూడా బంధువుల రక్తం కావాలి. ఒక్క స్రెబ్రెనిచకు సంబంధించియే 20,000 మందికి పైగా బంధువులు రక్తం ఇచ్చారు. అప్పటికి వారు ఎన్నో దేశాలకు చెదిరిపోయి ఉన్నారు. ఫలానా వాని మేనత్త ఎక్కడున్నది, ఫలానా వాని చెల్లెలు ఏ ఊరి కోడలయింది అని వెదకి పట్టటం ప్రయోగశాలకు సాధ్యమయ్యే పని కాదు. ఈనాడు పొతోచారి స్మారక శిలపై చెక్కిన సంఖ్య 8,372. ఆ సంఖ్య అంతిమం కాదని కూడా ఆ శిలపైనే చెక్కారు. 6,700 మందికి పైగా అక్కడ ఖననం చేయబడ్డారు. సాంప్రదాయికంగా స్త్రీలు ఖబరస్థానుకు వెళ్లని సమాజంలో, ప్రతి జూలై 11న అక్కడి ఖననాలకు స్త్రీలే వేల సంఖ్యలో వస్తారు. సమాధి పొతోచారిలోనే, తమను విడదీసిన చోటనే ఉండాలని పట్టుబట్టినదీ వారే.

పరిహారం అడగటం ఈ లెక్క తేలుతుండగానే మొదలయింది. అందులో మొదటి తీర్పు నా దృష్టిలో అన్నిటికంటె వివేకవంతమైనది. బోస్నియా మానవహక్కుల న్యాయసదస్సు 2003 మార్చి 7న, 49 మంది బంధువుల దరఖాస్తులపై, సెర్బు పాలిత ప్రాంతమైన రిపబ్లికా స్ర్ప్స్కా ప్రభుత్వం తమవారి సంగతి బంధువులకు తెలుపకుండా దాచి ఉంచటమే అమానుషమని తీర్పు చెప్పింది. ఒక్కొక్కరికి ఇంత అని పంచలేదు. మొత్తం 40 లక్షల బోస్నియా మార్కులు పొతోచారి స్మారక సంస్థకు చెల్లించమన్నది. అంతకంటె ముఖ్యంగా, జరిగినదేమిటో విచారించి వెల్లడించమని ఆజ్ఞాపించింది. 2004లో ఆ ప్రభుత్వపు కమిషనే వేలమంది హత్యను అంగీకరించింది, ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. విచారకరమేమంటే, 2018 ఆగస్టులో అక్కడి శాసనసభ ఆ నివేదికను త్రోసిపుచ్చింది. ఇచ్చిన డబ్బు వెనక్కు పోలేదు గాని ఇచ్చిన మాట వెనక్కు పోయిందన్నమాట.

రెండవది హేగ్ నగరంలో నడిచిన వ్యాజ్యం. 2007లో స్రెబ్రెనిచ తల్లుల పేరిట ఏర్పడిన సంస్థ, సుమారు 6,000 మంది బంధువుల పక్షాన, డచ్చి ప్రభుత్వంపైనా ఐక్యరాజ్యసమితిపైనా దావా వేసింది. సమితిపై ఏ దేశపు న్యాయస్థానమూ విచారణ జరుపరాదన్న మినహాయింపు ఉన్నందున 2008లో మొదటి న్యాయస్థానం, 2012లో సుప్రీం కోర్టు, 2013లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం ఆ భాగాన్ని కొట్టివేశాయి. రక్షిత ప్రాంతమని ప్రకటించినవారే విచారణకు అతీతులయ్యారు. ఇందులోని న్యాయసూక్ష్మం నాకు అర్థమయింది గాని న్యాయం అర్థం కాలేదు.

మిగిలినది డచ్చి ప్రభుత్వం. జూలై 13న డచ్చి స్థావరం లోపల తలదాచుకొన్న సుమారు 350 మంది పురుషులను సైనికులు బయటకు పంపివేశారు. బయట వారికోసం కాచుకొని ఉన్నది ఎవరో తెలిసియే పంపారు. 2014లో న్యాయస్థానం ఇందుకు ప్రభుత్వం బాధ్యత వహించాలన్నది. 2017లో అప్పీలు న్యాయస్థానం, వారిని లోపలే ఉంచినా బ్రతికే అవకాశం నూటికి 30 పాళ్లేనని, కావున బాధ్యత కూడా అంతేనని తీర్మానించింది. 2019 జూలై 19న సుప్రీం కోర్టు దానిని నూటికి 10 పాళ్లకు తగ్గించింది. తదుపరి 2021లో ప్రవేశపెట్టిన పథకం క్రింద భార్యలకు 15,000 యూరోల వరకు, ఇతర దగ్గరి బంధువులకు అంతకంటె తక్కువగా నిర్ణయించారు.

ఈ పదవ వంతు లెక్కను గూర్చి అంకగణితం బోధించే మిత్రులతో చాలాసేపు తర్కించాను. సంభావ్యతా శాస్త్రం ప్రకారం అందులో తప్పు లేదని వారంటారు. ఉండకపోవచ్చు. కాని ఆ లెక్కకంటె నన్ను బాధించినది స్థావరపు కంచె. ఆ కంచె లోపలినుండి గెంటబడినవాని భార్యకు హక్కు ఉన్నది. కంచెకు వెలుపల, అదే ఫ్యాక్టరీ ఆవరణల వద్ద, అదే సైనికుల కళ్లముందు విడదీయబడినవాని భార్యకు లేదు. అడవిదారి పట్టినవాని తల్లికి లేదు. ఇరవై సంవత్సరాలుగా ఒకే గలేబుల వరుస పట్టుకొని నడిచిన ఇరుగుపొరుగులను న్యాయస్థానం ఆ కంచె గుండా రెండుగా విభజించింది. ఎవరి సాక్ష్యం ఎవరికి ఉపయోగపడిందో విడదీయలేని చోట, ఫలితాన్ని మాత్రం విడదీశారు. అందువల్లనే సరయేవో తీర్పులోని సామూహిక పరిహారాన్ని నేను మెచ్చుకొన్నాను. నష్టం ఎట్లా అందరిదో తెలిసినవారు వ్రాసిన తీర్పు అది.

దేశాల మధ్య నడిచిన వ్యాజ్యంలో అంతర్జాతీయ న్యాయస్థానం 2007 ఫిబ్రవరి 26న, సెర్బియా ఈ జాతి సంహారాన్ని నివారింపలేదని ప్రకటిస్తూనే, ధనపరిహారం మాత్రం ఇప్పించలేదు. ప్రకటనే తగిన తృప్తి అన్నది. తల్లులు తృప్తి చెందలేదు.

పరిహారం పుచ్చుకోవటం రక్తాన్ని అమ్ముకోవటమన్న ఆక్షేపణ మన పోటీలో వినబడినట్లే అక్కడా వినబడింది. దీనికి విరుద్ధంగా, ఆ తల్లులు డబ్బును ఆశించనే లేదని, వారికి సత్యం మాత్రమే కావాలని పొగిడేవారూ ఉన్నారు. ఈ రెండవ మాట మొదటిదానికంటె మర్యాదగా వినబడుతుంది గాని అంతే అన్యాయమైనదని నా అభిప్రాయం. సంపాదించే చేయి పోయిన ఇంటిలో పిల్లల ఫీజు, శీతకాలపు కట్టెలు, మందులు ఎవరివలన రావాలి? సత్యమూ కావాలి, డబ్బూ కావాలి. దియత్ విధించిన ధర్మం కూడా పుచ్చుకొనేవారిని ఎక్కడా కించపరచలేదు. చెల్లింపవలసినవాడు తన దోషాన్ని చేతులార ఒప్పుకోవటమే అందులో ప్రధానం. భర్తను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొని, ఒంటరిగా స్రెబ్రెనిచకు తిరిగివచ్చి, తల్లుల సంఘాన్ని నడిపిన హతీజా మెహ్‌మెదోవిచ్ 2018లో మరణించారు. డచ్చి సుప్రీం కోర్టు తుది తీర్పుకు అప్పటికి ఏడాది తక్కువ. ఆలస్యమైన పరిహారం గూర్చి అంతకంటె నేను చెప్పగలిగినది లేదు.

ఈ స్త్రీల కూటములు దోషరహితమైనవని నేననను. సంఘాలు అనేకమయ్యాయి, వాటి మధ్య పొరపొచ్చాలు వచ్చాయి. మరొకటి ఇంకా బరువైనది. పోయిన పురుషుల గూర్చి నోరు విప్పిన ఇరుగుపొరుగే, అత్యాచారానికి గురియైన స్త్రీల విషయంలో చాలాకాలం నోరు మూసుకొని, మూయించింది కూడా. బోస్నియాలోని ఫెడరేషను ప్రాంతంలో 2006లో గాని వారిని యుద్ధబాధితులుగా గుర్తించి నెలసరి భృతి ఇచ్చే చట్టం రాలేదు. అమ్మలక్కల నోరు ఏది పలుకుతుందో ఏది మ్రింగుతుందో కూడా ఆలోచించవలసిన విషయమే.

ఇంత దూరపు సంగతి మనకెందుకని పెద్దలు అడుగవచ్చు. 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు హైదరాబాదు సంస్థానంపై సైనిక చర్య జరిగింది. దాని వెంబడి జరిగిన హింసను పరిశీలింప భారత ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందపు నివేదిక 2013లో గాని ప్రజలకు అందుబాటులోకి రాలేదు. మృతుల సంఖ్య 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునని అందులో అంచనా వేశారు. స్రెబ్రెనిచ శిలపై 8,372 అని చివరి అంకె వరకు చెక్కి ఉన్నది. మన అంచనాలో క్రింది సంఖ్యకూ పై సంఖ్యకూ మధ్య 13,000 మంది ఉన్నారు. వారు ఉన్నారో లేరో కూడా మనకు తెలియదు. అంతకుముందు రజాకార్ల చేతిలో పోయినవారి విషయంలోనూ ప్రతి ఊరికీ పేర్ల పట్టిక ఉన్నదనలేము. మా నానీ బ్రతికి ఉన్నంతకాలం, పొరుగింటి హిందూ అవ్వతో కలిసి అరుగుమీద కూర్చుని ఆ సంవత్సరపు సంగతులు చెప్పుకొనేది. ఎవరి బావిలో ఎవరు, ఎవరి ఇంట ఎవరు దాగారు, ఎవరు తిరిగి రాలేదు. నేను అప్పుడు ఎం.ఏ. పరీక్షలకు చదువుతూ, చదువుకు భంగమవుతున్నదని కిటికీ మూసుకొనేవాణ్ణి. ఇప్పుడు నానీ లేదు, ఆ అవ్వా లేదు. ఒక్క పేరు కూడా నేను వ్రాసుకోలేదు.

ఆనాటికి పదేళ్ల వయసున్నవారికి ఈనాడు తొంభయ్యేళ్లు చేరువలో ఉంటాయి. అందువల్ల కళాశాల సంఘం వారికి ఒక మనవి. గ్రంథాలయంలో ఒక గట్టి బైండు పుస్తకం ఉంచి, విద్యార్థులు తమ ఇళ్లలోని వృద్ధ స్త్రీలవద్ద విన్న పేర్లను, ఊళ్లను, తేదీలను, మతభేదం లేకుండా, చెప్పినది చెప్పినట్లుగా అందులో వ్రాసే ఏర్పాటు చేయవలెను. ఉర్దూలో చెప్పినవారివి ఉర్దూలో, తెలుగులో చెప్పినవారివి తెలుగులో ఉండవచ్చు. చెప్పటానికి ఇష్టపడని వారిని బలవంతపెట్టరాదు. ఖర్చు ఒక పుస్తకపు ఖరీదు మాత్రమే. మొదటి పుటకు మనిషి సిద్ధంగానే ఉన్నది. పోటీలో బహుమతి రాని ఆ విద్యార్థినిని పిలిచి ఈ సంగతి చెప్పినప్పుడు, తమ ఇంట ఒక ముసలమ్మ ఉన్నదని, అయితే ఆమె మగవారు ఎదుట ఉంటే మాట్లాడదని, సెలవులలో తానే వెళ్లి వ్రాసుకొని వస్తానని చెప్పింది.